పదహారో సీను

పదహారే ఎందుకు? పదిహేను కాకుండా, పోనీ ఇరవై కాకుండా, సరిగ్గా పదహారునే పట్టుకుని ఎందుకు వేలాడుతోంది అది? జూబిలీహిల్స్‌లో ఆ ఇంటి వరండాలో పేము కుర్చీ అంచున కూర్చుని అచ్యుతరామయ్య పంతొమ్మిది రోజులుగా నమిలిందే మళ్లీ నములుతున్నాడు. హాల్లో గోడ గడియారం ఏడూ పది. ఆ ఇంటి కోడలు బాలాత్రిపురసుందరి రమ్మన్నది ఏడున్నరకి, ఎనిమిదింబావుకి ఆమె ఆఫీసు బస్సు వచ్చేస్తుంది, అంటే ఉన్నది ముప్పావుగంట, అందులో ఆవిడ కాఫీ తాగాలి, చీర కుచ్చిళ్లు సర్దుకోవాలి, ఇంక తన గొడవకి మిగిలేదెంత? ఇరవై రెండేళ్లుగా కో-డైరెక్టరుగా బతికినవాడికి చెప్పిన టైముకన్నా ముందెళ్లి కూర్చోవడం ఒంటికి పట్టిన జబ్బు, అందుకే ఆరున్నరకే యూసుఫ్‌గూడలో బయల్దేరి గుట్ట ఎక్కి నడిచి వచ్చేశాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, కవర్లో నాలుగు కాగితాలు. ఆ నాలుగూ కాక బనియను జేబులో నాలుగు మడతలు పెట్టిన ఇంకొకటి. గేటు దగ్గర ముగ్గు వేస్తున్న నీలమ్మ, ఆ ఇంట్లో వంటకి ఉన్న మనిషి, తలెత్తకుండానే "అమ్మ తానం చేస్తున్నది సార్, జర కూసోండ్రి, చాయ్ తెస్త" అంది. ముగ్గు చుక్కలు పెడుతూ పెదాలు కదుపుతోంది, లెక్క పెట్టుకుంటోంది కాబోలు. ఆవిడ పదహారో చుక్క దగ్గర ఆగిపోయి అక్కడే పెడుతూ కూర్చుంటే ఎలా ఉంటుందో అనుకున్నాడు, నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే అతని కంప్యూటరు చేస్తున్నది సరిగ్గా అదే.

దాన్ని కొన్నది తను కాదు. ప్రొడ్యూసరు వీరరాఘవయ్యగారు, పక్క కంపెనీవాళ్లు కొన్నారని తెలిసి, కిందటేడు తొంభై ఒకటి శ్రావణంలో తెప్పించారు. ఫిల్మ్‌నగర్ ఆఫీసులో ఏసీ దానికొక్కదానికే పెట్టారు, అప్పటికి ఆయన గదిలో కూడా లేదు. కొబ్బరికాయ కొట్టి, తెరకి బొట్టు పెట్టి, నెత్తిన ఒక నిమ్మకాయ పెట్టి, పైన పట్టు కండువా కప్పి ఏడాదిపాటు అలాగే ఉంచారు. పెళ్లికూతురిని చూపించినట్టు వచ్చినవాళ్లందరికీ కండువా తొలగించి చూపించడమే తప్ప ఎవరూ ముట్టుకున్న పాపాన పోలేదు. అచ్యుతరామయ్య ముట్టుకున్నాడు. పని లేక, నిజం చెప్పాలంటే చల్లదనం కోసం, మధ్యాహ్నం భోజనాల వేళ ఆ గదిలోకి దూరి స్విచ్చి నొక్కాడు. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద ఒక పాత పుస్తకం దొరికింది, మొదటి పన్నెండు పేజీలు లేవు, ఆ రకంగా పదమూడో పేజీనుంచి కంప్యూటరు నేర్చుకున్న మనిషి తను. మొదటిరోజు ఏదో కొడితే 'సింటాక్స్ ఎర్రర్' అని వచ్చింది. డిక్షనరీ తీసి, అటు తిప్పి ఇటు తిప్పి చూస్తే తేలిందేమిటంటే, నువ్వన్నది నాకు అర్థం కాలేదు అని. ఇరవై రెండేళ్లలో ఏ సెట్లోనూ ఎవరూ తనతో ఆ మాట అనలేదు. నీకు అర్థం కాలేదు అన్నవాళ్లే అందరూ. నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు అన్నది ఇదొక్కటే. నలభై ఏడేళ్లవాడు ఆ పూట అన్నం సంగతి మర్చిపోయాడు.

చాయ్ వచ్చింది, అల్లం ఘాటు ముక్కుకి తగిలింది. కాంపౌండులో ఇంటికన్నా ఎత్తుగా ఒక బండరాయి, పగలగొట్టడం చేతకాక దాని పక్కనే ఇల్లు కట్టుకున్నట్టున్నారు, ఎండ ఇంకా దాని నెత్తిమీదే ఉంది. సినిమాకి అరవై రెండు సీన్లు, పద్నాలుగు మంది ఆర్టిస్టులు. ఏ సీన్లో ఎవరుంటారు, ఎవరి డేట్లు ఎప్పుడున్నాయి, అన్నీ చూసి ఏ సీను ఏ రోజు తియ్యాలో వరుస పెట్టాలి. సీనుకొకటి చొప్పున అట్టముక్కలు నేలమీద పరుచుకుని చేస్తే ఎనిమిది రోజులు, తొమ్మిదో రోజున విలన్ గారికి మద్రాసులో ఇంకేదో పని పడిందని ఫోనొస్తే మళ్లీ మొదటికి. ఆ పనే కంప్యూటరుకి చెప్పాడు. ఒక్కొక్క సీనూ తియ్యి, దాని పేరు అచ్చెయ్యి, నేను రాసినదాంట్లో తొమ్మిది వందల నంబరు లైనుకి వెళ్లి ఆర్టిస్టులందరి డేట్లూ చూసిరా, రోజు ఖాయం చెయ్యి, తర్వాతి సీనుకి పో. ఇంతే కథ. చెప్పి, దణ్ణం పెట్టుకుని, నొక్కాడు. ప్రింటరు కర్రుమంటూ ఒకటో సీను అచ్చేసింది. ఆ తర్వాత పదహారో సీను. ఆ తర్వాత పదహారో సీను. పదహారో సీను, పదహారో సీను, పదహారో సీను, కాగితం బల్లమీంచి దిగి, నేలమీద పోగు పడి, అతని చెప్పుల మీదికి వచ్చేదాకా పదహారో సీను. ఆ సీన్లో ఏముంది పాపం, హీరో చెల్లెలు సైకిలు తొక్కుతూ వచ్చి ఉత్తరం ఇస్తుంది, అంతకన్నా ఏం లేదు.

మొదట ఆ సీను మీదే అనుమానం వచ్చింది. ప్రొడక్షన్ మేనేజరు అయితే సెంటిమెంటు అన్నాడు, ఆ నంబరు తీసేసి పదిహేను-ఏ అని పెట్టమన్నాడు. పెట్టాడు. మారలేదు. సైకిలు సీను తీసి చివర పడేసి ఆ చోట పెళ్లిచూపుల సీను పెట్టాడు, ఇప్పుడు పెళ్లిచూపులు పట్టుకుంది, నేలనిండా పెళ్లిచూపులే. అంటే దానికి పగ సీను మీద కాదు, ఆ స్థానం మీద. అది తెలిసిన రోజు భయం పోయి సరదా పుట్టింది, ఇంటికెళ్లే దారంతా తనలో తను మాట్లాడుకుంటూ నడిచి రహమత్‌నగర్ మలుపు దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఇంకో వారానికి కమెడియన్ ఖాయమై ఆర్టిస్టులు పదిహేను మంది అయ్యారు. నొక్కితే, ఒకటో సీను, ఆపైన పదిహేడో సీను, పదిహేడు, పదిహేడు, పదిహేడు. ఆయన డేట్లు కుదరలేదని పేరు కొట్టేస్తే మళ్లీ పదహారు. పద్నాలుగు మందికి పదహారు, పదిహేను మందికి పదిహేడు. మనిషి పెరిగితే సీనెందుకు పెరగాలి? పెరిగినా ఆ రెండు తేడా ఏమిటి? తిండి తింటున్నా అదే, గడ్డం గీసుకుంటున్నా అదే. ప్రింటరు తుడవడానికి నెలకోసారి టోలిచౌకి నుంచి వచ్చే ఓదెలుని అడిగాడు. అతను మూత విప్పి ఊది, మళ్లీ బిగించి, "మిషన్ మంచిగనే ఉంది సార్. మీరేం చెప్తే గదే చేస్తది. గా పదహారు మీద దానికేం పగ ఉంటది చెప్పుండ్రి?" అన్నాడు. మీరేం చెప్తే గదే చేస్తది. ఆ మాట విన్నరోజున ఓదార్పులా ఉంది గానీ తర్వాత్తర్వాత గుచ్చుకోవడం మొదలైంది. మరి నేనేం చెప్పాను?

చెప్పింది ఐదు పేజీలు. ఎవరికైనా చూపించింది మాత్రం నాలుగు. అమీర్‌పేటలో కంప్యూటరు పాఠాలు చెప్పే సుబ్రహ్మణ్యం దగ్గరికి వెళ్తే, అతను మర్యాదస్తుడు, కళ్లజోడు పైకి తోసుకుని మొత్తం చదివి, "ఇందులో తప్పేం కనపడట్లేదండీ. ఆ తొమ్మిది వందల దగ్గర ఏం రాశారు?" అన్నాడు. "అబ్బే, అది మామూలేనండీ, డేట్లు సరిచూసుకోవడం" అన్నాడు తను, నాలుక తడబడకుండా. మామూలా అది! ఎవరు పదింటికి ముందు మేకప్‌కి కూర్చోరు, ఎవరు రాహుకాలంలో కెమెరా ముందుకి రారు, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఎవరిని ఎవరితో ఒకే రోజు పిలిస్తే సెట్లో లంచ్ దాకా అలకలే సరిపోతాయి, ఇరవై రెండేళ్లు ఎండలో నిలబడి నేర్చుకున్నదంతా తొమ్మిది వందల లైను ఉన్న ఆ నాలుగో పేజీలో ఉంది. ఆ ఒక్క కాగితం చేతికిస్తే ఇంక అచ్యుతరామయ్యతో పనేముంది ఎవరికైనా? అందుకే అది బనియను జేబులో ఉంటుంది. ఇవాళ కూడా ఉంది, చెమటకి గుండెకి అంటుకుని.

ఈ అలవాటు ఎనభై మూడులో మొదలైంది. అప్పటికింకా ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా రాళ్లే ఎక్కువ. ఒక డైరెక్టరుగారి మేడమీద రెండుంబావు గంటలు కథ చెప్పాడు, ఓపెన్ చేస్తే గోదావరి అని మొదలుపెట్టి, చిట్టచివర పడవ సరంగు కోర్టుకొచ్చి తన మీద తనే సాక్ష్యం చెప్పుకునే ఘట్టం దాకా, ఒక్క మాట దాచకుండా. సరిగ్గా 'నేనే' అనాల్సిన చోట దగ్గొచ్చింది. ఆగి, గ్లాసు తీసి, నీళ్లు తాగి, అప్పుడన్నాడు నేనే అని. డైరెక్టరుగారు కళ్లు తుడుచుకుని, భుజం తట్టి, భద్రంగా ఉంచుకోవయ్యా అన్నారు. ఏడాదిన్నర తర్వాత ఆ కథ మార్నింగ్‌షోలో కనిపించింది. కోర్టు బోనులో హీరో మాట ఆపి, గ్లాసు తీసి, నీళ్లు తాగి, అప్పుడన్నాడు. తన దగ్గు కూడా వదల్లేదు వాళ్లు. నీళ్లు తాగిన చోటే హాలంతా చప్పట్లు. తనూ కొట్టాడు, కొట్టాక గానీ తెలియలేదు కొడుతున్నట్టు. ఇంటికొచ్చి భార్య సీతామహాలక్ష్మితో చెప్పలేక రెండు రోజులు జ్వరమని పడుకున్నాడు. అప్పట్నుంచి ఎవరికి ఏ కథ చెప్పినా ఆఖరి పేజీ జేబులోనే. ఎంత అడిగినా అది ఇంకా అనుకోలేదండీ అనడమే. ఆ తర్వాత ఒక్క కథా అమ్ముడుపోలేదు, అది వేరే సంగతి. వేరే సంగతేనా అని ఇప్పుడు, ఈ వరండాలో, చాయ్ అడుగున మిగిలిన అల్లం తొక్కు చూస్తూ, మొదటిసారి అనుమానం వచ్చింది. సీతామహాలక్ష్మి ఆ బనియను తడపబోయిన ప్రతిసారీ కాగితం తీసి, తడిస్తే దండెం మీద ఆరేసి, మళ్లీ తెచ్చిస్తుంది. "డాక్టరు దగ్గరికెళ్లినా ఒక నొప్పి దాచుకుని మిగతావి చెప్తారు మీరు. ఆయన మాత్రం ఏం మందిస్తాడు చెప్పండి?" అంటుంది. ఈ సుందరి సంగతి కనుక్కున్నదీ ఆవిడే, గుడిలో లలితాసహస్రం చదువుకునే చోట, మా ఆయన కంప్యూటరుతో మాట్లాడుతున్నారు, అది మాత్రం ఒకే మాట చెప్తోంది, ఒకసారి చూడమ్మా అని. అలా అడగడం తన వల్ల అయ్యేది కాదు.

ఏడూ ముప్ఫై అయిదు. ఇవాళ పదకొండింటికి హీరోయిన్ మేనేజరు డేట్లు రాసుకోవడానికి ఆఫీసుకొస్తాడు. వీరరాఘవయ్యగారు శనివారమే తేల్చి చెప్పారు. "ఆ టైముకి నీ మిషన్ వరుస ఇచ్చిందా, నీ పేరు టైటిల్సులో విడిగా వేయిస్తానయ్యా. లేదా, ఆ అట్టముక్కలు కొత్త కుర్రాళ్లకి అప్పగించెయ్. నువ్వూ అలిసిపోయావు." అలిసిపోయావు అన్న మాటకి ఈ ఊళ్లో అర్థం ఏమిటో అతనికి తెలుసు, ఆ మాట అనిపించుకున్నవాళ్లు పొద్దున్నే ఇస్త్రీచొక్కా వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఎవరైనా టీ తాగుదాం రమ్మంటారేమోనని చూస్తుంటారు. ఆ భయం ఉంది. ఉండీ, చిత్రంగా, దానికన్నా పైన తేలుతున్నది ఆ పదహారే. ఉద్యోగం పోతే పోయింది, ఎందుకో తెలియకుండా పోతే ఎలా? రేపు అట్టముక్కలు ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నా, పద్నాలుగుకి పదహారు ఎందుకైందో తెలియకపోతే నిద్ర పడుతుందా? లోపల కుక్కరు కూత వేసింది, ఒకటి. ఎవరిదో రేడియోలో వార్తలు. కూత, రెండు. జేబు తడుముకున్నాడు.

"సారీ బాబాయిగారూ, కూర్చోబెట్టేశాను." సుందరి వచ్చింది, ముప్ఫై ఏళ్లుంటాయి, తడిజుట్టు వదులుగా ముడేసుకుని, ఒక చేతిలో కాఫీ గ్లాసు, భుజాన అప్పుడే తగిలించేసుకున్న హ్యాండ్‌బ్యాగు. కూర్చున్నా దాన్ని భుజం మీంచి తియ్యలేదు, మోచేత్తో నొక్కిపెట్టుకుని కూర్చుంది. నగరంలో పెద్ద ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్ల మీద ఈవిడ అధికారట. కాగితాలు తీసుకుని గబగబా తిప్పింది. "ఒకటి, రెండు, మూడు, ఐదు. నాలుగేదండీ?"

"అది మామూలేనమ్మా. డేట్లు సరిచూసుకోవడం."

"ఇక్కడేమో తొమ్మిది వందలకి వెళ్లి రమ్మన్నారు. వెళ్తే అక్కడ ఇల్లే లేదు." ఆవిడ గడియారం వైపు చూసింది గానీ విసుక్కోలేదు. "పోనీలెండి, చూపించడం ఇష్టం లేకపోతే వద్దు. అది ఏం చెయ్యాలని రాశారో కాదు, ఏం చేస్తోందో చెప్పండి."

చెప్పాడు. ఒకటో సీను, ఆపైన పదహారు, కాగితం చెప్పుల మీదికి రావడం, సైకిలు, పెళ్లిచూపులు, కమెడియన్ వచ్చిన వారం పదిహేడు కావడం, పోయాక మళ్లీ పదహారు. చెబుతుండగానే ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "పద్నాలుగుకి పదహారు, పదిహేనుకి పదిహేడా?" అంది, కళ్లు పెద్దవి చేసి. "అబ్బ, ఎంత బావుందండీ!"

బావుంది. పంతొమ్మిది రోజుల్లో ఆ మాట అన్నవాళ్లు లేరు. ఓదెలు మిషన్ మంచిదన్నాడు, సుబ్రహ్మణ్యం తప్పులేదన్నాడు, మేనేజరు సెంటిమెంటన్నాడు, ఇది బావుందని, ఇందులో ఏదో తమాషా ఉందని తనకొక్కడికే అనిపిస్తోందేమో, తనకే మతి పోతోందేమో అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఈ అమ్మాయికి తన పేజీ అక్కర్లేదు, తన ఇరవై రెండేళ్లూ అక్కర్లేదు, పదహారు ఎందుకో కావాలి, అంతే. తనకి కావలసిందే ఈవిడకీ కావాలి. ఒక్కసారిగా ప్రాణం తేలికైపోయింది. చెయ్యి తనంతట తనే చొక్కా గుండీ కిందికి పోయి బనియను జేబులోంచి కాగితం లాగింది, మడతల దగ్గర చిరుగుతూ, తడిగా, వెచ్చగా. ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. "మీరే చదవండి బాబాయిగారూ. కథ బాగా చెప్తారట కదా, పిన్నిగారన్నారు. నేను వింటాను."

కాగితం విప్పి గొంతు సవరించుకున్నాడు. "ఓపెన్ చేస్తే," అన్నాడు అలవాటు కొద్దీ, ఆవిడ నవ్వింది, "ఓపెన్ చేస్తే తొమ్మిది వందలు. సీను నంబరు చేత్తో పట్టుకుని మనవాడు, ఐ అని వాడి పేరు, బయట సీన్ల వెంట నడుస్తున్నవాడు, ఈ గుమ్మంలోకి వస్తాడు. వచ్చి, డేట్లు చూడటానికి, ఐ ఒకటి నుంచి పద్నాలుగు దాకా..." ఆగాడు. దగ్గు కాదు. కళ్లు ఆ లైను మీద నిలిచిపోయాయి. ఐ. బయట సీన్లు లెక్కపెట్టేది ఐ. లోపల ఆర్టిస్టులని లెక్కపెట్టేది కూడా ఐ. ఒక్కడే. ఒకటో సీనుని చేత్తో పట్టుకుని లోపలికొస్తే, ఆ ఒకటి పారేయించి, వాడికి పద్నాలుగు మంది ఆర్టిస్టులని అప్పగించాడు తను. వాడు పద్నాలుగు గుమ్మాలూ తిరిగి, ఇంకెవరన్నా ఉన్నారా అని పదిహేనో గుమ్మంలోకి తొంగిచూసి, లేరని బయటికొస్తాడు. వచ్చేసరికి చేతిలో ఉన్నది పదిహేను. తర్వాతి సీనుకి పో అంటే ఒకటి కలుపుతాడు, పదహారు. పదహారో సీను పట్టుకుని మళ్లీ లోపలికెళ్తాడు, మళ్లీ పదిహేనుతో వస్తాడు, మళ్లీ పదహారు. చచ్చేదాకా పదహారు. ఆ రెండు తేడా అదీ! వాడి తప్పేముంది, చెప్పింది చెప్పినట్టు చేశాడు పాపం.

"ఒకే ఆర్టిస్టుని," అన్నాడు, "ఒకే పూట రెండు సెట్లకి పిలిచానమ్మా. ఇరవై రెండేళ్లలో ఎవరికీ అలా డేట్లు ఇవ్వలేదు. ఇస్తే తంతారు. వీడికిచ్చాను. ఇచ్చి, ఆ కాగితమే జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగి, తప్పెక్కడుందని అడిగాను." నవ్వడం మొదలుపెడితే ఆగలేదు, కళ్లవెంట నీళ్లొచ్చాయి, తుడుచుకోబోయి తడి కాగితంతో తుడుచుకున్నాడు. ఎనభై మూడు నుంచి లోపల ఎక్కడో బిగుసుకుపోయినది ఆ నవ్వుతో వదిలింది. సుందరి కూడా నవ్వుతోంది, తను ఒక్క మాటా చెప్పకుండానే తేలిపోయినందుకు ఆవిడకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. ఆవిడ దగ్గర పెన్ను తీసుకుని, లోపలివాడికి జె అని వేరే పేరు పెట్టి, కనిపించిన ప్రతి చోటా దిద్దాడు. ఐదు పేజీలూ వరుసగా పెట్టాడు. ఎనిమిదీ పది. ఫిల్మ్‌నగర్‌కి నడిచినా అరగంట, ఆ తర్వాత పదకొండు దాకా బోలెడు టైము.

బస్సు హారను వినపడింది. సుందరి లేచి, రెండడుగులు వేసి, ఆగింది. "బాబాయిగారూ, రేపు ఈ వేళకి మళ్లీ వస్తారా?" బ్యాగు జిప్పు లాగి నాలుగు మడతల కాగితాలు కొన్ని బయటికి తీసింది, అంచులు నలిగి బూడిదరంగుకి తిరిగిపోయాయి. "నా ప్రోగ్రాము కాగితాలు, నెలరోజులై ఇందులోనే తిరుగుతున్నాయి. ఆఫీసులో ఎవరినన్నా అడిగితే, మీక్కూడా తెలీదా మేడమ్ అంటారని... నేను చదువుతాను, మీరు వింటారా?"

అతను ఆ మడతలవైపు చూశాడు. నాలుగు మడతలు పెట్టడం తనొక్కడికే తెలుసనుకున్నాడు ఇన్నాళ్లూ.

"ఏడింటికే వచ్చి కూర్చుంటానమ్మా," అన్నాడు. "కానీ అన్ని పేజీలూ ఉండాలి."

హారను మళ్లీ మోగింది. సుందరి మొహం ఎర్రబడింది, నవ్వింది, బ్యాగు రెండో అరలోంచి ఇంకో కాగితం తీసి వాటితో కలిపింది.